గేర్‌బాక్సు ఆయిల్ మార్చిన ఆదివారం

ఎవరైనా ఊరికే సాయం చేస్తామంటే చెకింగాయనకు ఒళ్ళు జలదరించేది. అడగకుండా చేతికిచ్చిన మంచినీళ్ళ గ్లాసును కూడా వెలుతురులో పట్టి చూసుకుని తాగే రకం.

ఆ పేరు ఆయనకు మిల్లు పెట్టింది. బట్టల మిల్లు గేటు దగ్గర నిలబడి, షిఫ్టు దిగి వెళ్ళేవాళ్ళ సంచులు, క్యారేజీలు, జేబులు తడిమి చూడటం ఆయన ఉద్యోగం. చదువు మధ్యలోనే మానేసి అక్కడ చేరినవాడు తల నెరిసేదాకా అక్కడే నిలబడ్డాడు. క్యారేజీ అడుగు గిన్నెలో దారపు కండెలు, గొడుగు మడతల్లో గుడ్డ ముక్కలు, చేతికి కట్టిన దొంగ కట్టు కింద మిషను బేరింగులు. ఏ సొత్తు ఎక్కడ దాక్కుంటుందో ఆయనకు కంఠతా వచ్చు. నవ్వుతూ నమస్కారం పెట్టినవాడి సంచే ముందు విప్పించేవాడు. మిల్లు మూతపడిన రోజున యజమానులు మిషన్లకు మిషన్లు లారీలకెక్కించి అదే గేటులోంచి తోలుకుపోతుంటే, వాటిని ఆపి చూడమని మాత్రం ఎవరూ ఆయనకు చెప్పలేదు.

చివరికి ఆయనకు మిగిలింది ఒక పాత కారు. మిల్లు సామాను తెగనమ్మేటప్పుడు మేనేజరు వాడి వదిలేసిన బండి ఈయన చేతికొచ్చింది. క్లచ్చి లేని బండి, గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. అదే ఆయనకు మొదటి నుంచీ నచ్చలేదు. లోపల ఏం చేసుకుంటోందో మనిషికి చెప్పకుండా చేసుకునే వస్తువును ఎలా నమ్ముతాం?

ఊరి చివర గుట్ట మీద ఒక బడి ఉంది. టీచర్లను పొద్దున పైకి చేర్చి సాయంత్రం దింపడానికి బండి కావాలన్నారు. చెకింగాయన వెళ్ళి అడిగాడు. ప్రిన్సిపాల్ మేడం మనిషిని ఎగాదిగా చూసి, బండిని అంతకంటే ఎక్కువసేపు చూసి, "మంగళవారం నేనే మీ బండిలో గుట్ట ఎక్కుతాను. ఎక్కితే పని మీది," అంది. ఆ పని దొరికితే పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి మళ్ళీ ఒక కారణం ఉంటుంది. దొరక్కపోతే ముందు గదిలో కూర్చుని భార్య కుట్టుమిషను చప్పుడు వినడమే. ఆ మిషను టకటకమని కొట్టుకున్నప్పుడల్లా ఇల్లు ఎవరి మీద నడుస్తోందో తనకు వినిపిస్తున్నట్టే ఉండేది.

బండి మాత్రం కొన్నాళ్ళుగా మొరాయిస్తోంది. గేరు మారేటప్పుడు ఎవరో వెనకనుంచి తన్నినట్టు కుదుపు. ఆ సంగతి బావమరిది చెవిన పడింది. భార్యకు ఒక్కడే తమ్ముడు. బస్సులు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు.

"గేర్ ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది బావా?"

"మార్చాలని ఎవరు చెప్పారు?"

"అంటే కొన్నప్పటినుంచీ మార్చలేదన్నమాట. ఆదివారం షెడ్డుకి తీసుకురండి. నేనే మార్చేస్తా."

"షెడ్డుకి ఎందుకు?"

"అక్కడైతే కింద గొయ్యి ఉంటుంది, పని సులువు."

గొయ్యిలోకి దిగిన మనిషి కింద ఏం విప్పుతున్నాడో పైన ఉన్నవాడికి కనపడదు. చెకింగాయన వెంటనే తల అడ్డంగా ఊపాడు. "ఇంటి దగ్గరే చెయ్యి. నా కళ్ళముందు."

బావమరిది నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే చెకింగాయనకు గుచ్చుకుంది. ఈమధ్యనే ఒకసారి భోజనం చేస్తూ వాడు, "టీచర్లను తిప్పే పని నాకొచ్చినా బాగుండును అక్కా, షెడ్డులో నడుము విరుగుతోంది," అన్నాడు. అక్కకు అది మామూలు మాట. బావకు కాదు. ఆయన దాన్ని మడిచి లోపల పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున బావమరిది జాకీ, స్టాండ్లు, పొడుగు గరాటు, ఎర్ర ఆయిల్ డబ్బాలు తెచ్చి ఇంటి ముందు దింపాడు. చెకింగాయన ఒక్కో డబ్బా ఎత్తి సీలు చూశాడు, మూత చుట్టూ గోరుతో గీశాడు, ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమంటోంది బావా?" అన్నాడు బావమరిది.

"నీ గురించే చెబుతోంది."

కుట్టుమిషను మీదనుంచి భార్య కేకేసింది. "మీరిద్దరూ బండి బాగుచేస్తారా, నన్నొచ్చి మిమ్మల్ని బాగుచేయమంటారా?"

బండి ముందుభాగం పైకి లేపి బావమరిది కిందికి దూరాడు. చెకింగాయన పక్కనే చాప వేసుకుని బోర్లా పడుకున్నాడు, గడ్డం నేలకు ఆనించి. ఆయిల్ నిలిచే ఛాంబరు అడుగున ఒక నట్టు ఉంది. బావమరిది దాన్ని రింగు స్పానరుతో వదులు చేసి, చివరి మరలు చేత్తో తిప్పి చటుక్కున చెయ్యి వెనక్కి తీశాడు. మాడిన కాఫీలాంటి నల్లటి ఆయిల్ తొట్టిలోకి దూకింది. కాలిన వాసన కొట్టింది.

"కొత్తది ఎర్రగా ఉంది. ఇదేంటి ఇలా ఉంది?"

"ఇదీ ఒకప్పుడు ఎర్రదే. మిమ్మల్ని ఇన్నాళ్ళు మోసి నల్లబడింది."

తర్వాత ఛాంబరు మొత్తం విప్పి కిందికి దించాడు. దాని అడుగున చిన్న అయస్కాంతం, దాని మీద బూడిదరంగు మడ్డి. చెకింగాయన వేలితో తీసి రుద్ది చూశాడు. ఇనుప పొడి.

"ఇది ఎక్కడినుంచి వచ్చింది?"

"గేర్లు అరిగి వస్తుంది. ఏ బండికైనా ఉంటుంది. పొడిగా ఉంటే పరవాలేదు, ముక్కలుంటే భయపడాలి."

"నువ్వు లోపల ఏమీ గీకలేదుగా?"

"బావా, నా చేతికంటే మీ తలకాయే లోపల ఎక్కువసేపు ఉంది."

ఛాంబరు తుడిచి, కొత్త ఫిల్టరు, కొత్త ప్యాకింగు పెట్టి బిగించాడు. దిగిన పాత ఆయిల్‌ను ఖాళీ డబ్బాల్లో పోసి, అంతే కొత్తది పక్కన పెట్టుకున్నాడు. తెచ్చిన దానిలో సగానికి సగం డబ్బాలు మిగిలాయి. చెకింగాయన కళ్ళు వాటిమీదే నిలిచిపోయాయి.

"ఇన్ని మిగిలాయేం?"

"మొత్తం ఆయిల్ దిగదు బావా. చాలావరకు లోపలే ఉండిపోతుంది. దిగినంతే పోయాలి."

"ఉండిపోయిందా, నువ్వు ఉంచావా?"

"ఉంచుకుని నేనేం చేసుకోను, తలకి రాసుకుంటానా? మిగిలిన డబ్బా ఒకటి మీ డిక్కీలోనే ఉంచుతా, సరేనా."

గరాటు పెట్టి పోయడం అయింది. బావమరిది అక్కను పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. ఇంజను ఆన్ చేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, గేరు కర్రను ఒక్కో గడిలోకి మార్చమన్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని దర్జాగా ఎక్కింది. సరిగ్గా అప్పుడే చెకింగాయన జేబులో ఫోను మోగింది. బడి నుంచి. ప్రిన్సిపాల్ మేడం అంటే రోడ్డు మీద మాట్లాడటం బాగుండదని చెకింగాయన లోపలికి పరిగెత్తాడు. మంగళవారం ఏ వేళకు రావాలో, ఎక్కడ ఆగాలో, బండిలో సిగరెట్టు వాసన ఉండకూడదని ఆమె తాపీగా చెప్పింది. ఆయన నిలబడే విన్నాడు.

బయటికి వచ్చేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. బానెట్టు మూసి ఉంది. బావమరిది చేతులు కడుక్కుంటున్నాడు.

"అయిపోయిందా?"

"అయింది. వేడి మీద లెవెలు చూశాను, గీతకు సరిగ్గా ఉంది."

"నేను లేకుండా ఎలా చూశావు?"

"కళ్ళతో బావా."

"మళ్ళీ తియ్యి. నేను చూడాలి."

"ఇప్పుడు షెడ్డుకి బస్సు ఒకటి వస్తోంది, నాకు టైమైంది. రేపు చూసుకోండి, కానీ చూసేటప్పుడు బండి..."

"నాకు చూడటం నేర్పకు. చూడటం తప్ప నేను బతుకులో ఏం చేశాను?"

బావమరిది నోటిదాకా వచ్చిన మాటను మింగేసి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమంతా చెకింగాయనకు అన్నం సహించలేదు. నేను ఫోనుకు వెళ్ళడమేంటి, వాడు మూత వెయ్యడమేంటి. గేటు దగ్గర కూడా అంతే, నువ్వు ఒకడి సంచి చూస్తుండగా రెండోవాడు పక్కనుంచి జారుకుంటాడు. భార్యను అడిగాడు.

"నువ్వు సీట్లో ఉన్నప్పుడు వాడు ఏం చేశాడు?"

"బానెట్టు లేపి ఉంది. నాకేం కనిపిస్తుంది? వాడు మార్చమన్నప్పుడు మార్చాను."

"అదీ," అన్నాడు ఆయన. అన్నీ తేలిపోయినట్టు.

సోమవారం పొద్దున, భార్య ఇంకా లేవకముందే బానెట్టు లేపాడు. ఆయిల్ లెవెలు చూసే గీతల కడ్డీ, డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి లాగాడు. ఎర్రటి ఆయిల్ గీత దాటి చాలా పైకి ఉంది. ఇంకోసారి తుడిచి చూశాడు. అంతే. మూడోసారీ అంతే.

పెట్రోలు బంకులో ఒక లారీ డ్రైవరు ఎప్పుడో చెప్పాడు, గేర్‌బాక్సులో ఆయిల్ ఎక్కువైతే నురగ కట్టి సీళ్ళు పగులుతాయని. అంటే తక్కువ పోస్తే దొరికిపోతానని ఎక్కువ పోశాడు. గుట్ట మధ్యలో సీలు పగులుతుంది, బండి నిలబడిపోతుంది, మేడం దిగి నడుచుకుంటూ వెళుతుంది. మర్నాడు వీడు షెడ్డు నుంచి ఇంకో బండి తెచ్చుకుని ఆమె గుమ్మం ముందు నిలబడతాడు. ఒక్కో ముక్కా ఒకదానిలో ఒకటి ఎంత చక్కగా ఇమిడిపోయాయంటే, పట్టుకున్నందుకు లోలోపల కొంచెం సంతోషం కూడా కలిగింది.

ఎవరికీ చెప్పలేదు. వంటింటి కొళాయికి వాడే పైపు పానా తీసుకుని బండి కింద దూరాడు. జాకీ లేదు. ఛాతీకి, బండికి మధ్య పిడికిలి పట్టేంత సందు. నట్టు పానాకు జారింది, మళ్ళీ జారింది, మూడోసారికి కదిలింది. ఆయిల్ సన్నగా మొదలై, మోచేతి మీదుగా చంకలోకి పాకింది. తొట్టిలో కొంత పట్టి, బిగించి, పైకొచ్చి డిప్‌స్టిక్ చూశాడు. ఇంకా ఎక్కువే. మళ్ళీ కిందికి. మళ్ళీ పైకి. చివరికి ఆయిల్ సరిగ్గా గీత మీదికి దిగింది. తీసినదాన్ని పాత ఆయిల్ డబ్బాలో కలిపేశాడు. చొక్కాను బకెట్టు అడుగున దాచి స్నానానికి వెళ్ళాడు.

మంగళవారం బయల్దేరేముందు బావమరిది వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వెందుకు?"

"నేనే రమ్మన్నాను," అంది భార్య గుమ్మంలోంచి. "పాత బండి. ఏదైనా అయితే వాడుంటాడు."

ఏదైనా అవుతుందని వాడికి తెలుసు కాబట్టే ఉన్నాడు, అనుకున్నాడు చెకింగాయన. సీలు పగలదు ఇక, నీ పప్పులు ఉడకవు అన్నట్టు వాడికేసి ఓరగా చూసి బండి తీశాడు.

మేడం వెనక ఎక్కింది. బండి బజారులో కాస్త కులుకుతూ నడిచింది. గేరు మారేటప్పుడు ఇంజను ఒక్క క్షణం గాలిలో తేలినట్టు అరిచి, ఆ తర్వాత పట్టుకుంటోంది. బావమరిది తల పక్కకు వంచి వింటున్నాడు.

"బావా, ఇలా అనడం ఎప్పటినుంచి?"

"నీకే తెలియాలి."

గుట్ట మొదలైంది. మొదటి మలుపు బాగానే ఎక్కింది. రెండో మలుపులో ఎత్తు పెరిగింది. చెకింగాయన యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను గొంతు చించుకుంది, బండి మాత్రం ముందుకు కదల్లేదు. ఇంకా తొక్కాడు. చక్రాలకు, ఇంజనుకు సంబంధం తెగిపోయినట్టు బండి మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు గట్టిగా తొక్కాడు. వెనకనుంచి మేడం సీటు అంచు పట్టుకున్న చప్పుడు వినిపించింది.

"ఇంకా తొక్కకండి బావా, లోపల ప్లేట్లు కాలిపోతాయి," అన్నాడు బావమరిది. గొంతు పెంచలేదు. "బ్రేకు మీద మెల్లగా వెనక్కి వదలండి. ఆ మలుపు దగ్గర చదును ఉంది. ఇంజను మాత్రం ఆపొద్దు."

చదునుకు వచ్చి ఆగారు. బావమరిది దిగి బానెట్టు లేపాడు. చెకింగాయన కూడా దిగి వెళ్ళాడు. నడుస్తున్న ఇంజను మీదనుంచి బావమరిది డిప్‌స్టిక్ లాగి, తుడిచి, దించి, మళ్ళీ లాగాడు. కొసన కాస్త తడి తప్ప ఏమీ లేదు.

చెకింగాయన కళ్ళను నమ్మలేకపోయాడు. "నిన్న గీత మీద ఉంది."

"ఇంజను ఆపి చూశారా?"

ఆయన డిప్‌స్టిక్ అందుకుని వెలుతురులో పట్టి చూశాడు.

"ఆపి చూస్తే పైకి కనిపిస్తుంది. ఇంజను తిరిగితే ఆయిల్ అంతా లోపలికి లాక్కుంటుంది. నడుస్తుండగానే చూడాలి."

మేడం కిటికీ దించింది. "ఏమైంది?"

చెకింగాయన నోటికి ఇన్నాళ్ళ అలవాటే ముందు వచ్చింది. "వీడు పోశాడండి ఆయిల్. ఎంత పోశాడో ఏంటో. నన్ను చూడనివ్వలేదు."

బావమరిది ఆయన ముఖంలోకి ఒకసారి చూశాడు. కిందికి వంగి, చెయ్యి లోపలికి పెట్టి, నట్టు తడిమాడు. లేచి, వేళ్ళు చూసుకుని గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత మేడం కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నాదే పొరపాటండి. కొంచెం తక్కువ పోశాను. డిక్కీలో డబ్బా ఉంది, ఇప్పుడే సరిచేస్తాను."

ఇన్నేళ్ళ గేటు కాపలాలో తనది కాని సొత్తును తనదేనని ఒప్పుకున్నవాణ్ణి చెకింగాయన ఒక్కణ్ణి చూడలేదు. ఎందుకు ఒప్పుకున్నాడు? ఇందులో వీడికేంటి? గరాటులోంచి ఎర్ర ఆయిల్ దిగుతున్నంతసేపూ ఆయన వాడి సంచి విప్పుతూనే ఉన్నాడు, మనసులో. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే లోతుగా దాచాడన్నమాట.

తర్వాత బండి గుట్ట ఎక్కింది. ఒక్క కుదుపు లేకుండా, వెన్నలో కత్తి దిగినట్టు ఎక్కింది. బడి గేటు దగ్గర దిగి మేడం అడిగింది, "ఈ మెకానిక్కు మీకు ఏమవుతాడు?"

"నా భార్య తమ్ముడండి."

"తప్పు చేశానని చెప్పే మెకానిక్కు నాకింతవరకు తగల్లేదు. వారం వారం ఈయన చూసి సరేనంటేనే మా టీచర్లు మీ బండి ఎక్కుతారు. ఇష్టమైతే రేపటినుంచి రండి."

పని దొరికింది. కానీ దాని తాళంచెవి వాడి చేతిలో పెట్టి వెళ్ళింది. ఇదా నీ ఎత్తు, అనుకున్నాడు చెకింగాయన. గుట్ట దిగినంతసేపూ వాడు ఏదో ఒకటి అడుగుతాడని ఎదురుచూశాడు. వాడు కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చింది. "ఎక్కిందా?"

"ఎక్కింది అక్కా. మధ్యలో కాస్త ఇబ్బంది పెట్టింది. నేను ఆయిల్ తక్కువ పోశాను."

ఆమె ముఖం మారిపోయింది. "తక్కువ పోయడమేంట్రా? ఆయన బతుకు దీని మీద ఉందని తెలియదూ? ఊళ్ళో బస్సులన్నీ బాగుచేస్తావు, సొంత బావ బండి దగ్గరికొచ్చేసరికి నీ చేతులకేమొచ్చింది?"

"నిజమే అక్కా. ఇక ఈ బండి నేను ముట్టుకోను. బావకు నమ్మకం లేని చోట చెయ్యి పెట్టకూడదు నేను. వేరే మెకానిక్కును చూసుకోండి."

"ముట్టుకోకు," అంది ఆమె. కళ్ళు తుడుచుకుంటూ కుట్టుమిషను వైపు తిరిగింది.

వాడు ముట్టుకోకపోతే పని లేదు. ముట్టుకునేలా చేయాలంటే ఒకే దారి ఉంది. చెకింగాయన చెప్పులు విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. గోడ మీది క్యాలెండరు సరిచేశాడు. ఆఖరికి ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు:

"వాడు సరిగ్గానే పోశాడు. నేనే తీశాను."

కుట్టుమిషను దగ్గర ఆమె చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది. "ఏంటి?"

"ఆయిల్. నిన్న పొద్దున. ఎక్కువ పోశాడనుకుని."

"అందుకా ఆ చొక్కా..." అని ఆగింది ఆమె. కొంతసేపు భర్తను, కొంతసేపు తమ్ముణ్ణి చూసింది. "నీకు తెలుసా ఇది?"

"నట్టు మూలలు నలిగిపోయి ఉన్నాయి అక్కా. రింగు స్పానరు అలా కొరకదు. అది కొళాయి పానా పని."

"తెలిస్తే అక్కడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చెకింగాయన. గొంతులో ఇంకా దర్యాప్తు పోలేదు.

"మేడం ముందు చెబితే పని పోయేది. ఇక్కడ చెబితే అక్క చేతిలో మీరు పోయేవారు."

"మరి ఇందులో నీకేంటి?"

బావమరిది నిజంగానే ఆలోచించాడు. "ఏమీ లేదు బావా."

"ఏదో ఒకటి ఉంటుంది."

"ఉంటే తర్వాత మీరే కనిపెట్టండి. మీకూ కాలక్షేపం."

భార్య నవ్వలేదు. మిషను మీద ఉన్న గుడ్డను విసురుగా మడిచి పెట్టి, "ఇద్దరూ బయటికి పొండి. నాకిక్కడ పనుంది," అంది.

మర్నాడు పొద్దున చెకింగాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బావమరిది నిద్రముఖంతోనే వచ్చి బానెట్టు లేపాడు. ఇంజను నడుస్తోంది. "బ్రేకు తొక్కండి బావా. వెనక గేరు. న్యూట్రల్. ముందు గేరు. ఇప్పుడు మళ్ళీ పార్కింగులోకి." ఆయన ఒక్కోటీ మార్చాడు. లేచిన బానెట్టుకు, అద్దానికి మధ్య సందులోంచి వాడి చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. డిప్‌స్టిక్ లాగాయి, తుడిచాయి, దించాయి. మణికట్టు పైన ఏముందో, ముఖం ఎలా ఉందో కనపడదు. దిగి వెళ్ళి చూడవచ్చు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు కూడా.

"సరిగ్గా ఉంది బావా," అంది గొంతు.

చెకింగాయన ఆ చేతులను ఇంకొంచెంసేపు చూశాడు. తర్వాత పిడి మీదనుంచి చెయ్యి తీసి, "అయితే మూసెయ్యి. టీచర్లు ఎదురుచూస్తుంటారు," అన్నాడు.